రూపచిత్రమునకు ప్రతిఫలము: నూతన ఛాయాగ్రాహకుని ధర్మవిచారము

ఒక విద్యను ఇంకను నేర్చుకొనుచున్నవాడు ఆ విద్యతో చేసిన పనికి వెల పుచ్చుకొనవచ్చునా యను ప్రశ్న వడ్రంగమునకును, వైద్యమునకును, సంగీతమునకును ప్రాచీనమైనదే. అయినను మనుష్యుల ముఖములను చిత్రించు ఛాయాగ్రహణమున అది నేడు పొందిన తీవ్రత మునుపెన్నడును పొందలేదు. వాయిదాల పద్ధతిపై ఒక కెమెరా కొని, ఆదివారములందు గోలకొండ కోటలోనో, విశాఖ సముద్రతీరముననో, రాజమహేంద్రవరమున గోదావరి గట్టుననో మిత్రులను నిలువబెట్టి సాధన చేయుచున్న యువకుడు గాని యువతి గాని లేని వీధి నేడు అరుదు. అట్టివారు తీసిన బొమ్మలు నాలుగు చూడగానే బంధువులు “మనవాడే గదా” యని బారసాలకును, ఓణీల వేడుకకును, సీమంతమునకును, షష్టిపూర్తికిని పిలుచుచున్నారు. పిలిచినవారు వెల మాట ఎత్తరు, వచ్చినవాడు అడుగలేడు. అడుగుట అత్యాశయని కొందరును, అడుగకుండుట అవివేకమని కొందరును, ఊరక తీయుట తోడివృత్తివారికి ద్రోహమని మరికొందరును వాదించుచున్నారు. ఈ వాదములలో ఎంతెంత సత్యము కలదో, చరిత్రయు శాసనమును ఏమి చెప్పుచున్నవో తూచి చూచి ఒక నిర్ణయమునకు వచ్చుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ ప్రశ్న మన తాతల కాలమున ఇంత బలముగా పుట్టకపోవుటకు కారణములు రెండు. మొదటిది శిష్యరికము. పట్టణమున ఒక స్టూడియోలో చేరిన కుర్రవాడు మొదట నేల ఊడ్చి, ట్రేలు కడిగి, డెవలపరు కలిపి, ప్రింటులు ఆరబెట్టి, పిమ్మట నెగెటివుపై పెన్సిలుతో రీటచింగు చేయుట నేర్చి, చిట్టచివరకు యజమాని లేని వేళ పాస్‌పోర్టు ఫోటో తీయుటకు అనుమతి పొందెడివాడు. అతని చేతి తప్పునకు బాధ్యత యజమానిది, పనికి వచ్చిన వెలయు యజమానిది, కనుక తాను వెల పుచ్చుకొన దగుదునా యని అతడు తన్ను తాను ప్రశ్నించుకొను అవసరమే లేకుండెను. రెండవది ఫిల్ము ఖరీదు. 120 రీలులో చదరపు బొమ్మలు 12, చిన్న రీలులో 36. మీట నొక్కిన ప్రతిసారియు డబ్బు కరిగెడి ఆ కాలమున “రీలు నేను కొనిస్తాను, కడిగించే ఖర్చు కూడా నాదే” యని తీయించుకొనువాడే ముందుగా చెప్పెడివాడు. డిజిటల్ కెమెరా ఈ రెండు కట్టుబాట్లను ఒక్కమారుగా సడలించినది. గురువు లేకయే నేర్చుకొనుట సాధ్యమైనది. ఖర్చు కనబడకయే తీయుట సాధ్యమైనది. కంటికి కనబడని ఖర్చు లోకమునకు లేని ఖర్చుగా తోచుటయే నేటి చిక్కునకు మూలము.

చరిత్రలోనికి చూచినచో, ఈ కళ పుట్టుకయే నేర్చుకొనుచున్నవారు వెల పుచ్చుకొనుటతో ఆరంభమైనట్లు తెలియును. 1839 ఆగస్టు 19న పారిస్ నగరమున దగేరు కనిపెట్టిన పద్ధతి లోకమునకు వెల్లడి చేయబడెను. రెండేండ్లు తిరుగకముందే, 1841 మార్చిలో, రిచర్డ్ బియర్డ్ అను బొగ్గు వర్తకుడు లండనులోని రాయల్ పాలిటెక్నిక్ సంస్థ పైకప్పుమీద ఇంగ్లండు దేశపు తొలి రూపచిత్ర స్టూడియోను తెరచి, కూర్చున్న ప్రతివారివద్దను రుసుము గైకొన నారంభించెను. ఆనాటికి ఆ విద్యలో ఆరితేరినవాడు భూమిపై ఒక్కడును లేడు. కావున అనుభవము పండిన పిదపనే ధనము ముట్టవలెనను నియమము ఈ కళకు జన్మతః వచ్చినది కాదు. అయితే బియర్డ్ మెట్లెక్కినవారు తమంతట తాము కోరి వచ్చినవారు. వింతను వింతగానే కొనుచున్నామని ఎరిగి వచ్చినవారు. ఈ విషయము మున్ముందు మనకు మిక్కిలి ఉపకరించును.

మన నేలకు సన్నిహితమైన ఉదాహరణము రాజా దీనదయాళ్. మీరట్ సమీపమున సర్ధనాలో 1844లో జన్మించి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరు మరామత్తు శాఖలో ఉద్యోగము చేయుచు, 1874 ప్రాంతమున ఆయన కెమెరా చేతబట్టెను. ఉద్యోగపు జీతము ఇల్లు గడుపుచుండగా, పై అధికారుల ఆదరణము దారి చూపుచుండగా, పదేండ్లకు పైగా సాధన సాగించి, చేయి తిరిగిన పిమ్మటనే ఉద్యోగము విడిచి, 1886లో సికిందరాబాదున స్టూడియో స్థాపించెను. 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకై ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియోను ఏర్పరచి దానిని ఒక ఆంగ్ల మహిళ నిర్వహణమున ఉంచెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను రాజా బిరుదముతో గౌరవించెను. నేర్చుకొను కాలమున జీవనమునకు వేరొక ఆధారము ఉన్నవాడు వెల విషయమున తొందరపడనక్కరలేదనుటకు ఆయన జీవితము సాక్ష్యము. ఆ ఆధారము లేనివాని సంగతి వేరు.

అట్టి వేరు సంగతికి ఆఫ్రికా ఖండమున మాలీ దేశపు సేదు కైటా ఉదాహరణము. చెక్కపని నేర్చిన ఆయనకు 1935లో పినతండ్రి ఒక చిన్న కొడాక్ కెమెరా తెచ్చి యిచ్చెను. 1948లో బమాకో నగరమున ఆయన స్వంత స్టూడియో తెరచెను. ఖర్చునకు వెరచి సాధారణముగా ఒక్కొక్కరికి ఒక్కొక్క నెగెటివు మాత్రమే వినియోగించెడివాడు. ఆ లేమియే ఆయనకు క్రమశిక్షణ నేర్పినది. ధనమునకు తీసిన ఆ బొమ్మలు నేడు ప్రపంచపు కళాప్రదర్శనశాలలలో గౌరవింపబడుచున్నవి. దీనికి ఎదుటి పక్షమున జూలియా మార్గరెట్ కామెరన్ నిలుచును. 1815లో కలకత్తాలో పుట్టిన ఆమె, 1863లో, నలువది యెనిమిదవ యేట, కుమార్తె కానుకగా ఇచ్చిన కెమెరాతో అభ్యాసము మొదలిడి, స్టూడియో వ్యాపారము పెట్టక, తన కన్ను కోరిన ముఖములను—మహాకవి టెన్నిసన్ మొదలు తన ఇంటి పరిచారికల వరకు—పిలిచి కూర్చుండబెట్టెను. అయితే ఆమెయు తన ముద్రణములను లండను వర్తకులద్వారా విక్రయించెననుట మరువరాదు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ 1899లో, ఈ కళలోని ఉత్తమకృషి యంతయు దాదాపుగా దానిని ప్రేమకై చేయువారివలననే జరుగుచున్నదని వాదించెను. బియర్డునకు ఒక నీతి, కామెరనునకు ఒక నీతి అని చెప్పి విడిచిన చరిత్ర మనకు తీర్పు ఈయలేదు. ఇద్దరి పనిలోని భేదమును మాత్రము స్పష్టముగా చూపినది: ఒకడు వచ్చినవారిని తీసెను, ఒకతె తాను పిలిచినవారిని తీసెను.

ఇక నేటి వాదములకు వత్తము. ధనము కూడదనువారి పక్షమున గంభీరమైన హేతువులు కలవు. కొత్తవాడు లెన్సు కంతను మిక్కిలి తెరచి నేపథ్యము మసకబార్చుటలోని ఆకర్షణకు లొంగి, ముక్కుకొన స్ఫుటముగాను కన్ను మసకగాను వచ్చునట్లు తీయును. వెడల్పు లెన్సుతో ముఖమునకు మరీ చేరువగా పోయి నుదురును ముక్కును పెద్దవి చేయును. నడినెత్తి ఎండలో నిలువబెట్టి కనుగుంటలలో నీడలు నింపును. ఒకవైపు కిటికీ వెలుగు, ఒకవైపు ట్యూబులైటు పడు గదిలో చామనచాయను పాలిపోయిన పసుపుగా మార్చును. ఈ తప్పులన్నియు చేసియే నేర్చుకొనవలెను. చేయుటకు స్వేచ్ఛ కావలెను. వెల పుచ్చుకొన్నవానికి ఆ స్వేచ్ఛ ఉండదు. డబ్బిచ్చినవారు తమ మేనిచాయను రెండింతలు తెల్లబరుపుమన్నప్పుడు, ఆ చాయలోని అందమును చూడ నేర్చుకొనుచున్న కన్ను నోరెత్తలేక తల వంచవలసి వచ్చును. తొలినాళ్ళలో అభిరుచి ఏర్పడకముందే అన్యుల అభిరుచికి అమ్ముడుపోవుట వలన కలుగు నష్టము తరువాతి సంపాదనతో తీరునది కాదు. ఈ వాదమును నేను సంపూర్ణముగా గౌరవింతును.

తొలినాడే వెల పుచ్చుకొనవలెననువారి వాదము లెక్కపై నిలుచును. కెమెరా, లెన్సు కలిసి 80,000 రూపాయలయినవనియు, నాలుగేండ్లు పనిచేయుననియు, ఏడాదికి నూరు మారులు దానిని బయటికి తీసెదమనియు అనుకొందము: మారొక్కటికి 200 రూపాయలు కెమెరాకే చెల్లును. గంటసేపు తీసిన బొమ్మలకు రాకపోకలు ఒక గంట, ఏరుట రెండు గంటలు, రంగు సరిదిద్ది టచప్ చేయుట మూడు గంటలు; మొత్తము ఏడు. గంటకు 150 చొప్పున అల్పముగా కట్టినను 1,050, దారిఖర్చు 150, ప్రింటులు 200, వెరసి 1,600. “మీట నొక్కుటయే గదా” యని లోకము తేలికగా అను పనికి ఇది కనీసపు వాస్తవము. ఈ మొత్తము ఎవరును ఈయకపోయిన మాత్రమున అది లేకుండ పోదు. నేర్చుకొనుచున్నవాని తల్లిదండ్రులో, అతని నిద్రయో దానిని చెల్లించుచున్నారు. అంతేకాక, ఊరక దొరకిన పనికి సమయపాలన ఉండదు: పది గంటలకన్నవారు పండ్రెండింటికి వత్తురు, బొమ్మలు పంపిన పిదప తెరచి చూడరు. ఈ అనుభవము పొందని నూతన ఛాయాగ్రాహకుడు అరుదు.

మూడవది వృత్తివారి ఆవేదన. పాస్‌పోర్టు ఫోటోలతోను, కుటుంబచిత్రములతోను ఇల్లు గడుపుకొను చిన్న పట్టణపు స్టూడియో యజమాని, జీతమున్న కుర్రవాడొకడు సెలవుదినమున ఊరక తీసిపెట్టుటను చూచి తన పొట్ట కొట్టుచున్నాడని బాధపడుట సహజము. ఆ వృత్తిని ఇంతకంటె ఎక్కువగా దెబ్బతీసినది ప్రతిచేతిలోని ఫోను కెమెరాయే యనుట నిజమైనను, ఆ నిజము ఈ బాధను అబద్ధము చేయదు. కాని సూక్ష్మముగా చూచినచో ఆయనకు నష్టము కలుగుచున్నది కుర్రవాడు తన స్నేహితుని కోటగోడ ప్రక్కన నిలిపి తీసినప్పుడు కాదు. స్టూడియోకు పోవ సిద్ధమైన కుటుంబమునకు బదులుపనిగా ఊరక తీసినప్పుడు. ఈ రెంటిని ఒకే గాట కట్టుట న్యాయము కాదు.

నాలుగవది మధ్యేమార్గము: శ్రమకు వద్దు, ఖర్చులు మాత్రము చాలును అనునది. వినుటకు వినయముగా ఉన్నను ఇది నిలుచునది కాదు. కెమెరా అరుగుదలను ఖర్చుగా ఎవరును ఎంచరు. ఆటోచార్జీలు మాత్రమే ఖర్చగును. పైగా ఒకమారు 300 రూపాయలకు తీసినవాడు మరుసటి యేడు 3,000 అడిగినచో, అతని విద్య పదింతలైనదని ఎవరును అనరు, ఆశ పదింతలైనదందురు. తొలి వెల తక్కువగా ఉండవచ్చును. కాని “పూర్తి వెల ఇంత, నేను క్రొత్తవాడను గనుక ఇంత తగ్గించుచున్నాను” అని రెండు అంకెలను కలిపి చెప్పినప్పుడే ఆ తగ్గింపు తగ్గింపుగా నిలుచును.

శాసనము ఈ విషయమున ఏమియు చెప్పదని చాలమంది తలచుచున్నారు. నిజమునకు అది చెప్పినంత తేటగా మన వాదములు చెప్పలేదు. భారత కాపీరైటు చట్టము, 1957, ఫోటో తీసినవానినే దానికి కర్తగాను తొలి హక్కుదారుగాను సామాన్యముగా గుర్తించును. కాని అదే చట్టము 17వ సెక్షనున, ఒకరి కోరికపై, విలువగల ప్రతిఫలమునకు తీసిన ఫోటోకు, వేరు ఒడంబడిక లేనిచో, కోరినవారే తొలి హక్కుదారులని విధించినది. అనగా రూపాయి చేతులు మారుటతో బొమ్మ స్వామ్యమును చేతులు మారును. తన నమూనాల ఆల్బములో దానిని చేర్చుకొనుటకు సైతము ముందుగా వ్రాతపూర్వకమైన సమ్మతి పుచ్చుకొనుట మేలు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఉచితముగా చేసిన సేవను తన పరిధిలోనికి తీసికొనదు. వెల పుచ్చుకొన్నవాడు సేవాలోపమునకు సమాధానము చెప్పవలెను. 1872 నాటి ఒడంబడికల చట్టము ప్రతిఫలము లేని ఒప్పందమును, కొన్ని మినహాయింపులతో, చెల్లనిదిగా ఎంచును. పన్ను విషయమున భయపడవలసినది స్వల్పము: మన రెండు రాష్ట్రములలోను సేవలకు ఏటి రాబడి 20 లక్షలు దాటువరకు సాధారణముగా జీఎస్‌టీ నమోదు అక్కరలేదు.

కాపీరైటు చట్టము ఎంచుకొన్న ఆ నిబంధనను మనస్సున నిలుపుకొని చూచినచో ఈ ప్రశ్న యంతయు వేరు వెలుగున కనబడును. తీసినవాడు ఎంత నేర్చినవాడని అది అడుగలేదు. ఎవరి కోరికపై తీసెనని అడిగినది. నా అభిప్రాయమున నూతన ఛాయాగ్రాహకుని ధర్మమును నిర్ణయించునది గూడ ఇదియే. కిటికీ వెలుగు చెంపపై ఎట్లు వాలునో తెలిసికొనుటకు ఒక ముఖము నాకు కావలెను, కావున నేను ఒకరిని పిలిచితిని. ఆ వేళ దాత వారు, ప్రతిగ్రహీతను నేను. వారు తమ కాలమును, తమ రూపమును, కెమెరా ఎదుట కూర్చున్న ప్రతివారికిని కలిగెడి సంకోచమును ఓర్చుకొని నాకిచ్చుచున్నారు. అట్టివారివద్ద వెల అడుగుట తగదు. అంతేకాదు, మంచి ప్రింటు ఒకటి వారి చేతిలో పెట్టుటయు, వారి అనుమతి లేనిదే బొమ్మను నలుగురిలో ఉంచకుండుటయు నా ఋణము. 1936లో డొరొతియా లాంగ్ కాలిఫోర్నియాలో తీసిన వలసతల్లి చిత్రము ప్రపంచప్రసిద్ధమైనను తీసినందులకు ఆ తల్లికి ప్రతిఫలమేమియు ముట్టలేదు; తీసినది ఉదాత్తమైన ఉద్దేశముతోనే, తీసిన ఆమె పొందినది ప్రభుత్వపు జీతమే, అయినను ఆ ఋణము మాత్రము నేటికిని మన మనస్సులను కలచుచున్నది.

దీనికి మారుగా, వారే నన్ను కోరి పిలిచినచో, తమ సంబంధములు చూచుకొనుటకో, ఉద్యోగపు దరఖాస్తునకో, కుమార్తె ఓణీల వేడుక గుర్తునకో నన్ను రమ్మన్నచో, నేను ఇంకను నేర్చుకొనుచున్నవాడనే యైనను, తొలినాడే వెల పుచ్చుకొనవలెను. నా అనుభవలేమి ఆ వెలయొక్క పరిమాణమును తగ్గించునే కాని దాని న్యాయమును తగ్గించదు. ఈ సూత్రమున పై మొదటి మూడు వాదములును తమతమ స్థానములలో ఇమిడిపోవును: స్వేచ్ఛ కావలెనను వారికి తాము పిలుచుకొన్న ముఖములపై స్వేచ్ఛ యంతయు కలదు, లెక్క చూచువారికి పిలిచినవారి వద్ద లెక్క కలదు, వృత్తివారి అంగటికి పోవలసిన పని ఊరక జరుగదు.

అయితే దీనికొక హద్దు విధింపక తప్పదు. వెల పుచ్చుకొనుట ఒక వాగ్దానము. నిలుపుకొనలేని వాగ్దానము చేయరాదు. రూపచిత్రము బాగుగా రానిచో మరునాడు మరల తీయవచ్చును. తలంబ్రాలు మరల పోయరు, అన్నప్రాశన మరల జరుగదు, మంచము పట్టిన ముత్తాతను వచ్చే నెల తీయవచ్చునను నమ్మకము లేదు. అట్టి సందర్భములలో నూతనుడు ఒంటరిగా బాధ్యత వహించుట, వెల తీసికొన్నను తీసికొనకున్నను, తప్పే. ఉచితమనుట ఆ నష్టమును పూడ్చదు. అడుగు హక్కును మాత్రము ఎదుటివారికి లేకుండ చేయును. అందులకు మార్గము అనుభవజ్ఞునివెంట రెండవ కెమెరాగా పోవుట. అక్కడ పుచ్చుకొను దినకూలి చిన్నదైనను గౌరవప్రదమైనది. పాత శిష్యరికమునకు నేటి రూపము అదియే.

మరల తీయగల రూపచిత్రములకైనను నూతనుడు తన్ను తాను పరీక్షించుకొనవలసిన మేరలు కొన్ని గలవు. పరిచయము లేని ముఖమును, తాను ఎంచుకొనని గదిలో, తాను కోరని వేళ తీసినను కన్ను స్ఫుటముగను, చాయ యథార్థముగను తెప్పించగలనా? అదనపు బ్యాటరీయు, రెండవ మెమరీ కార్డును సంచిలో ఉన్నవా? తీసిన రాత్రియే బొమ్మలను రెండు చోట్ల భద్రపరచు అలవాటు కలదా? చెప్పిన దినమునకు ఇచ్చెదనా? ఈ ప్రశ్నలకు ఔనని నిజాయితీగా చెప్పగలవాడు అడ్వాన్సు పుచ్చుకొనుటకు అర్హుడు. చెప్పలేనివాడు ఇంకను తాను పిలుచుకొన్న ముఖములవద్దనే ఉండవలెను. అర్హుడైనవాడును ఎన్ని బొమ్మలు, ఏ నాటికి, ఎంత వెల, ఎవరి హక్కు అను నాలుగు మాటలను కాగితముపై వ్రాసి యిచ్చుటయు, మునుపు తీసినవానిలో మేలైనవే కాక సామాన్యమైనవియు చూపుటయు, క్రొత్తవాడనని దాచకుండుటయు ఆ వెలను ధర్మ్యము చేయును.

విదేశములందున్న మన యువకులకు ఒక హెచ్చరిక అవసరము. అమెరికాలో చదువు వీసాపైన గాని, ఒక సంస్థకు కట్టుబడిన హెచ్-1బి వీసాపైన గాని ఉన్నవారు తెలుగు కుటుంబముల వేడుకలలో ఫోటోలు తీసి డాలర్లు పుచ్చుకొనుట అనుమతి లేని ఉద్యోగముగా ఎంచబడి వారి నివాసమునకే ముప్పు తేగలదు. అక్కడ వారికి పైన చెప్పిన మొదటి మార్గమే శరణ్యము: తాము కోరిన ముఖములను తమ సాధనకై తీసికొనుట, పని కోరి పిలిచినవారిని అనుమతిగల వృత్తివారివద్దకు పంపుట.

మిగిలినది బంధువుల సమస్య. మన సమాజమున అత్యంత కఠినమైనదియు అదియే. మేనత్తను డబ్బడుగుట ఏ మేనల్లునికిని, ఏ మేనకోడలికిని నోట రాదు. ఈ భారమును పిల్లలపైననే మోపుట నాకు అన్యాయముగా తోచుచున్నది. పురోహితునికి దక్షిణను, సన్నాయివారికి సంభావనను, వంటవారికి కూలిని ముందే లెక్కవేసికొను ఇంటి పెద్దలు, తెల్లవారుజాము మొదలు అప్పగింతల వరకు కాళ్ళపై నిలిచిన తమ పిల్లవానిని “బాగా తీశావురా” అన్న మాటతో పంపివేయుట వాని శ్రమను గుర్తింపకపోవుటయే. పిలుచునప్పుడే “నీకు ఇంత ఇస్తాం” అని పెద్దలు పలికినచో పిల్లవాడు అడుగవలసిన పని ఉండదు, ఆ మొత్తము చిన్నదైనను వాని విద్యకు విలువ ఏర్పడును. కోరి పిలిచినవారు ఈయవలెను, కోరి పిలుచుకొన్నవాడు పుచ్చుకొనరాదు, నిలుపుకొనలేని మాట ఎవరును ఈయరాదు. ఈ మూటిని పాటించు నూతన ఛాయాగ్రాహకుడు తన తొలి సంపాదనను సంకోచము లేక అందుకొనవచ్చును. అట్టివానికి దానిని తామై యిచ్చుట అతనిని పిలిచిన మనవంటివారి విధి.